ముద్ర తేలని రూపాయికి రంగు తెచ్చే విలువ

ముద్ర బలహీనంగా పడిన వెండి నాణెం ఒకటి, ఏళ్ల తరబడి దాని మీద పట్టిన అందమైన రంగుల వల్ల, ముద్ర నిండుగా పడిన తెల్లని నాణెం కంటే ఎక్కువ ధర పలకడం సబబేనా అన్న ప్రశ్న విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో నాణేలు సేకరించే మా మధ్య తరచుగా వాదనకు వస్తూ ఉంటుంది. రంగే అసలైన అందమని, దానికి ఎంత ఇచ్చినా తప్పులేదని కొందరు అంటారు. ముద్ర లేని నాణెం జోలికే పోకూడదని మరికొందరు అంటారు. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. రంగు ముద్రలోని లోటును పూడ్చగలదు గాని, ఆ పైన అదనంగా ఒక్క రూపాయి కూడా అడిగే హక్కు దానికి లేదు. అంటే అదే సంవత్సరంలో అదే టంకశాల నుంచి వచ్చి, ముద్ర నిండుగా పడి, రంగేమీ లేకుండా ఉన్న నాణేనికి ఏ ధర నడుస్తోందో, ఈ నాణేనికి అదే పై హద్దు. ఆ హద్దు దాకా వెళ్లాలన్నా నాణెం కొన్ని పరీక్షలకు నిలబడాలి.

మాట గాలిలో తేలిపోకుండా ఒక నాణేన్ని ఎదురుగా పెట్టుకుని చెబుతాను. ఇది 1918లో బొంబాయి టంకశాలలో తయారైన ఐదో జార్జి రూపాయి. వెనుకవైపు అడుగున ఉన్న తామర పువ్వు కింద చిన్న చుక్క దాని ఆనవాలు. విజయనగరంలో ఒక పాత ఇంటివారు సామాను పంచుకున్నప్పుడు, కాగితపు కవర్లలో పెట్టి ఇనప్పెట్టెలో దాచిన కొన్ని రూపాయల్లోంచి నా దగ్గరికి వచ్చింది. బరువు 11.66 గ్రాములు, అంటే ఆ రూపాయికి ఉండవలసినంతా ఉంది. రాజు తల ఉన్న వైపు అంచు పొడవునా ముదురు నీలం, దాని లోపల ఊదా, ఆ తరువాత ఎర్రటి రాగి ఛాయ, మధ్యకు వచ్చేసరికి లేత తేనె రంగు. కిటికీ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పితే ఆ రంగుల కింద నుంచి మెరుపు గిర్రున తిరుగుతుంది. అయితే రాజు భుజం మీది అంగీ దగ్గరికి చూపు పోనిస్తే, అక్కడి హారంలో ఉండవలసిన ఏనుగు దాదాపు లేదు. వీపు గీత ఒకటి, కాళ్ల జాడ కొంత ఉన్నాయి, తొండం లేదు. కిరీటం మీది ముత్యాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

ఐదో జార్జి రూపాయి మీద ముద్ర బలాన్ని పట్టి చూడడానికి ఆ ఏనుగును మించిన చోటు లేదు. 1911లో మొదట వచ్చిన రూపాయల మీద ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు రావడంతో ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుని, 1912 నుంచి ఏనుగు ఏనుగులా కనిపించేటట్లు అచ్చును సవరించింది. కాబట్టి 1918 నాణెం మీద తొండం కనిపించకపోతే, చెక్కినవారి పని అలా ఉందని సరిపెట్టుకోవడానికి లేదు. అయితే అది చలామణీలో అరిగి ఉండాలి, లేదా అచ్చులోని గుంట నిండేంత లోహం మొదటి రోజే అక్కడికి చేరకపోయి ఉండాలి.

ఈ రెంటినీ వేరుగా గుర్తించలేకపోవడం వల్లే మన దగ్గర ఇలాంటి నాణేలకు అన్యాయం జరుగుతోంది. పాత రూపాయలు కొనే వెండి కొట్టులో ఒక పెద్దాయనకు దీన్ని చూపిస్తే, వేలితో ఒకసారి తడిమి, "ఏటి బాబూ, ఇది అరిగిపోనాది కదా" అని తేల్చేసి, అరిగిన రూపాయికి ఇచ్చే ధరే చెప్పారు. ఆయనను తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే అచ్చులో లోతైన చోటే నాణెం మీద ఎత్తైన చోటు అవుతుంది. బిళ్లను రెండు అచ్చుల మధ్య నొక్కినప్పుడు లోహం చిట్టచివర నిండేది ఆ లోతుల్లోనే. ఒత్తిడి చాలకపోయినా, అచ్చుల మధ్య ఎడం కొంచెం ఎక్కువైనా, బిళ్లను కాల్చి మెత్తబరచడం సరిగా జరగకపోయినా, రెండు వైపులా లోతైన బొమ్మలు ఎదురెదురుగా వచ్చి ఉన్న లోహం రెంటికీ చాలకపోయినా, మొదట దెబ్బతినేది ఆ ఎత్తైన చోట్లే. చేతులు మారుతున్నకొద్దీ వేళ్ల రాపిడికి మొదట అరిగేవీ అవే. బొమ్మ పోయిన తీరు చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి.

తేడా తెలిసేది బొమ్మలో కాదు, లోహం తీరులో. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెడితే, నిజంగా అరిగిన చోట లోహం నున్నగా, బూడిద ఛాయలో, చుట్టుపక్కల మెరుపు నుంచి తెగిపోయినట్లుగా కనిపిస్తుంది. ముద్ర చేరని చోట అలా ఉండదు. అక్కడ అచ్చు తాకకముందు బిళ్ల మీద ఉన్న సన్నని గీతలు, చిన్న చిన్న గుంటలు, గరుకుదనం అలాగే మిగిలి ఉంటాయి, ఎందుకంటే వాటిని నొక్కి చదును చేసే ఒత్తిడి ఆ చోటికి అందనే లేదు. ఆ గరుకు చోటు అంచుల దాకా మెరుపు ఎక్కడా తెగకుండా వస్తుంది. నా నాణెం మీద ఏనుగు ఉండవలసిన చోట సరిగ్గా ఇదే కనిపిస్తుంది. గోటి చివరంత మేర గరుకు, దానిలో ఒకే దిక్కుగా సాగిన రెండు మూడు సన్నని చారలు, ఆ వెంటనే అంగీ మడతల మీద చెక్కుచెదరని మెరుపు. నూరేళ్లు దాటిన ఈ నాణెం బజారు చూడలేదనడానికి ఆ గరుకుదనమే సాక్ష్యం, చేతులు మారి ఉంటే మొదట మాసిపోయేది అదే.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది: ఇది అరగని నాణెం. అమెరికాలో 1949లో విలియం షెల్డన్ రూపొందించగా ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న 70 మార్కుల కొలతలో, అరగని నాణేలకు 60 నుంచి పైన స్థానం ఉంటుంది. ముద్ర ఎంత బలహీనంగా ఉన్నా అరుగుదల లేకపోతే 60 కిందికి దించడం న్యాయం కాదు. అలాగే తొండం లేని ఏనుగుతో 65 దాటించడమూ న్యాయం కాదు. ఆ మధ్యలో ఎక్కడ నిలుస్తుందన్నది అదే సంవత్సరపు తోటి నాణేలతో పోల్చి చూసి తేల్చుకోవాలి.

పోలిక విషయంలో మన ప్రాంతం నాణేలే మంచి పాఠం చెబుతాయి. ముఖలింగం రాజధానిగా కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల బంగారు ఫణాలు అనే చిన్న నాణేలు చిటికెన వేలి గోరంత ఉంటాయి. వాటి అచ్చు బిళ్ల కంటే పెద్దది కావడంతో పడుకున్న నంది సగమే పడడం, వెనుక పాలన సంవత్సరపు అంకె అంచు దాటిపోవడం మామూలు. ఫణంలో నంది మూపురం లేదని దాన్ని బలహీన ముద్ర అని తీసిపారేసేవారు ఉండరు. అదే 1794లో, 1797లో ఉత్తర సర్కార్ల కోసం బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలపై తయారైన రాగి డబ్బులను తీసుకుంటే లెక్క మారిపోతుంది. రూపాయికి 48 చొప్పున చెల్లాలని వాటి మీదే రాసి ఉంటుంది. యంత్రం ప్రతి బిళ్లనూ ఒకే ఒత్తిడితో కొట్టింది గనుక, అలాంటి డబ్బు మీద కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చిహ్నంలోని సింహాలు తేలకపోతే దాన్ని లోపంగానే ఎంచాలి. ముద్ర బలహీనంగా ఉందని చెప్పేటప్పుడు దేనితో పోల్చి అంటున్నామో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

1918 రూపాయిని ఏ తోటివారితో పోల్చాలి? అది మొదటి ప్రపంచ యుద్ధపు చివరి ఏడాది. వెండి రూపాయలకు దేశంలో ఎంత కటకట ఏర్పడిందంటే 1917 నవంబర్ 30న ప్రభుత్వం కాగితపు ఒక రూపాయి నోటును తీసుకువచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించి, అందులో అత్యధిక భాగాన్ని భారతదేశ అవసరాల కోసం బ్రిటన్‌కు అమ్మింది. కలకత్తా, బొంబాయి టంకశాలలు ఆ ఏళ్లలో కోట్ల సంఖ్యలో రూపాయలు తయారుచేశాయి. అన్ని కోట్ల నాణేల్లో ముద్ర నిండుగా పడినవి, పలచగా పడినవి రెండూ ఉన్నాయి, పైగా అవి ఈనాటికీ దొరుకుతున్నాయి. 1918 బొంబాయి రూపాయి ఏనుగు తొండంతో సహా, అరగకుండా, కొంచెం ఓపిక పడితే కొనగలిగినది. నా వాదనకు ఆయువుపట్టు ఇదే. మంచి ముద్ర దొరకని సంవత్సరమైతే బలహీన ముద్రను ఆ సంవత్సరపు స్వభావంగా క్షమించవచ్చు. మంచి ముద్ర దొరుకుతున్నప్పుడు మాత్రం బలహీన ముద్ర ఆ ఒక్క నాణెం లోటే అవుతుంది.

ఇక రంగు సంగతి. వెండి గాలిలోని గంధక వాయువులతో కలిసి పైన వెండి సల్ఫైడు పొర కడుతుంది. ఆ పొర కంటికి ఆననంత పలచగా ఉన్నప్పుడు, పొర పైనుంచి వెనుదిరిగే వెలుగూ, దాని కిందనున్న లోహం నుంచి వెనుదిరిగే వెలుగూ ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను హెచ్చించి కొన్నింటిని అణచివేస్తాయి. పొర మందమవుతున్నకొద్దీ రంగులు ఒక వరుసలో వస్తాయి: ముందు లేత పసుపు, తరువాత ఎర్రటి గోధుమ ఛాయ, ఊదా, నీలం, ఆ పైన రెండో ఆవృత్తిలో మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ, చివరకు నలుపు. కాగితపు కవరులో గంధకం అంచుల నుంచి లోపలికి పాకుతుంది గనుక అంచున పొర మందంగా, మధ్యలో పలచగా ఉంటుంది. నా రూపాయి మీద నీలం అంచున, తేనె రంగు నడుమన ఉండడం ఈ వరుసకు సరిగ్గా సరిపోతుంది. సముద్రపు తేమ గాలి తగిలే మా జిల్లాల్లో చెక్కపెట్టెల్లో, పాత కాగితాల్లో ఉన్న వెండి త్వరగా రంగు తేలుతుంది, అంతే త్వరగా నలుపుకూ తిరుగుతుంది.

వరుస తప్పిన రంగులను నమ్మకూడదు. లేత పసుపు పక్కనే నడుమ ఏ ఛాయా లేకుండా ఒక్కసారిగా ముదురు నీలం వచ్చినా, అక్షరాల మీద నుంచి, పక్క నేల (బొమ్మ, అక్షరాలు లేని చదును భాగం) మీద నుంచి ఒకే పూతలా రంగు సాగిపోయినా, అది వేడి పెట్టో, గంధకపు పొగ పట్టించో తెచ్చిన రంగు కావచ్చు. సహజంగా వచ్చిన రంగులో అక్షరాల మొదళ్ల చుట్టూ సన్నని లేత ఛాయ మిగిలి ఉండడం నేను తరచుగా చూస్తుంటాను.

మన ఇళ్లలోంచి వచ్చే రూపాయల విషయంలో దీనికంటే ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. దీపావళికో, వరలక్ష్మీ వ్రతానికో లక్ష్మీదేవి ముందు పెట్టే వెండి రూపాయలను విభూతితోనో, పళ్లపొడితోనో తోమడం మన ఆడవాళ్లకు తరతరాల అలవాటు. అది భక్తితో చేసే పని, దాన్ని తప్పు అనను. కానీ ఆ రాపిడికి నాణెం నేల మీద వెంట్రుకల కంటే సన్నని గీతలు సుడులుగా పడతాయి. మళ్లీ పదేళ్లో ఇరవై ఏళ్లో పెట్టెలో ఉంటే ఆ గీతల మీదే అందమైన రంగు వస్తుంది. ఒక్క బల్బు వెలుగులో నాణేన్ని అటూ ఇటూ వాల్చి చూస్తే, రంగు అడుగున గీతలు ఒక్క దిక్కున తళుక్కుమంటాయి. గీతకు, పక్క నేలకు రంగు ఒకటే అయితే తోమిన తరువాతే రంగు వచ్చిందని అర్థం. అలాంటి నాణేనికి ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి గ్రేడింగ్ సంస్థలు అంకె ఇవ్వకుండా, శుభ్రం చేసినదని రాసి ఊరుకుంటాయి. ముద్ర లోటును పూడ్చే శక్తి ఆ రంగుకు లేదని నేనూ అంటాను, ఎందుకంటే రంగుకు విలువ వచ్చేది అడుగున చెదరని మెరుపు ఉన్నప్పుడే.

నా రూపాయి ఈ పరీక్షలన్నింటికీ నిలబడింది. అయినా దానికి హద్దు ఎందుకు గీస్తున్నానో ఆ నాణెమే చూపిస్తుంది. అచ్చు ఒత్తిడికి లోహం పక్కలకు పారినప్పుడు పడే కంటికానని గాళ్ల వల్లే కొత్త నాణెం మీద మెరుపు చక్రంలా తిరుగుతుంది. ఆ గాళ్ల మీద పరుచుకున్న పలచని పొర కాబట్టే రంగులు కదులుతున్నట్లు కనిపిస్తాయి. ముద్ర చేరని చోట లోహం పారలేదు, గాళ్లు లేవు. అందువల్ల ఏనుగు చోటికి వచ్చేసరికి రంగు ఉంటుంది గాని, కదలదు. నాణేన్ని ఎటు తిప్పినా ఆ మేర మాత్రం మసకగా ఒక్కచోటే నిలబడి ఉంటుంది. అంటే ముద్ర లోపం రంగు అందాన్ని కూడా అక్కడ తగ్గించింది. ఫోటోలో ఇది తెలియదు. ఫోటోలో వెలుగు ఒక్క కోణం నుంచే పడుతుంది కాబట్టి నీలం నీలంగానే కనిపిస్తుంది. ఫోటో చూసి వేలంలో పాడేవారు రంగుకు ఎక్కువ, ముద్రకు తక్కువ మార్కులు వేయడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఈ వాదనకు ఎదురుగా నా మిత్రులు చెప్పే మాట బలమైనదే. కొనేవాడు ఇష్టపడి ఎంత ఇస్తే అదే విలువ కదా, అమెరికాలో రంగు తేలిన మోర్గాన్ డాలర్లు అనే పాత వెండి నాణేలకు ఎన్నో రెట్లు ఇస్తున్నారు కదా, ఎన్‌జీసీ సైతం చూపుకు ప్రత్యేకంగా అందమైన నాణేలకు గ్రేడు పక్కన నక్షత్రం వేస్తోంది కదా అని వారంటారు. నిజమే. అయితే మోర్గాన్ డాలర్ల ఉదాహరణ నా వైపే ఎక్కువ మొగ్గుతుంది. న్యూ ఆర్లియన్స్ టంకశాల డాలర్లు చెవి పైనున్న జుట్టు దగ్గర, డేగ రొమ్ము మీద ముద్ర చాలక చప్పగా ఉండడానికి పేరుపడ్డాయి, అక్కడి సేకర్తలకు ఈ విషయం కొట్టినపిండి. ఏ సంవత్సరపు న్యూ ఆర్లియన్స్ డాలరులో మంచి ముద్ర అరుదో, ఏ సంవత్సరంలో సులభమో తెలిసి మరీ రంగుకు ధర కడతారు. మన రూపాయల విషయంలో ఆ జ్ఞానం ఇంకా అంతగా వ్యాపించలేదు. పక్కా పునాది వేయకుండా పై అంతస్తుకు ధర చెప్పడం ఇక్కడ జరుగుతోంది.

లెక్క ఎలా వేస్తానో చెబుతాను. ముద్ర నిండుగా ఉన్న అరగని 1918 బొంబాయి తెల్ల రూపాయి ధరను 100 అనుకుందాం. అదే అరగని, అదే మెరుపున్న, ముద్ర పలచనైన తెల్ల రూపాయికి నేను 70 ఇస్తాను. మధ్యనున్న 30 వంతులే రంగు సంపాదించుకోగలిగిన మేర. రంగు వరుసగా, సహజంగా, రెండు వైపులా ఉండి, మెరుపును చంపకుండా ఉంటే ఆ 30 మొత్తం ఇస్తాను. ఒక్క వైపే రంగుంటే సగం. రంగు ముదిరి మెరుపు మీద తెరలా పడితే ఏమీ ఇవ్వను, మరికొన్ని ఏళ్లు గడిస్తే ఆ పొర వెండిని తింటుందని భయపడి 70 నుంచి కొంచెం తగ్గిస్తాను కూడా. ఇవి నా చేతి లెక్కలే, ఇంకొకరు 70 బదులు 60 అనవచ్చు; మెట్ల క్రమం మాత్రం మారకూడదు. రంగుతోపాటు నిండు ముద్ర కూడా ఉన్న రూపాయి దొరికితే ఆనందంగా 100 దాటి ఇస్తాను, ఎందుకంటే అక్కడ రంగు దేన్నీ కప్పిపుచ్చడం లేదు.

100 దగ్గర ఎందుకు ఆగాలి అంటే, రంగు ఇంకా మారుతూ ఉండేది, ముద్ర ఎన్నటికీ మారనిది. నేడు తేనె రంగున్న నడుమ భాగం మా తేమ గాలిలో కొన్నేళ్లకు గోధుమ రంగుకు తిరగవచ్చు. తెలియనివారి చేతిలో పడితే ఒక్కసారి ముంచి తీసే ద్రావకంతో అంతా పోయి తెల్లబడవచ్చు, పైగా ఆ ద్రావకం పై పొరతోపాటు మెరుపు గాళ్లను కూడా కొంత తినేస్తుంది. అప్పుడు మిగిలేది తొండం లేని ఏనుగు. రంగు కోసం 150 ఇచ్చినవారి చేతిలో ఆ రోజున 70 కన్నా తక్కువే ఉంటుంది. నిండు ముద్ర కొన్నవారికి ఆ భయం లేదు.

అమ్మేవారు కూడా ఈ రెండు సంగతులూ విడివిడిగా చెబితే బాగుంటుంది. ఇంద్రధనుస్సు రంగుల రూపాయి అని పెద్దగా రాసి ఊరుకోకుండా, హారంలోని ఏనుగు, కిరీటం ముత్యాలు దగ్గరగా కనిపించే ఫోటో ఒకటి, పగటి వెలుగులో నాణేన్ని కొద్దిగా వాల్చి తీసిన ఫోటో ఒకటి పెట్టాలి. మా ప్రాంతంలో నాణేలు చేతులు మారేది ఎక్కువగా మాట మీదే కాబట్టి, ఆ మాటలో ముద్ర ప్రస్తావన ఉండి తీరాలి.

ఈ లెక్కంతా సులభంగా దొరికే సంవత్సరాలకు వర్తిస్తుంది. 1939 నాటి ఆరో జార్జి రూపాయి లాంటివాటి దగ్గర వరుస మారిపోతుంది. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు గనుక, 91.7 శాతం వెండితో వచ్చిన చివరి రూపాయి అది, దొరకడం చాలా అరుదు. అక్కడ కొనేవారు వెతికేది ఆ తేదీనే. ముద్ర కొంచెం పలచగా ఉన్నా ధర పెద్దగా దిగదు. అయితే అరుదైనది కాబట్టే నకిలీలూ, అంకె మార్చినవీ బజారులో తిరుగుతుంటాయి, ఉలి జాడను కప్పడానికి రంగు బాగా పనికివస్తుంది. అలాంటి నాణెం మీద చివరి అంకె చుట్టూ మాత్రమే రంగు ముదిరి కనిపిస్తే, అందం గురించి మాట్లాడకముందే దాన్ని తూచి, అంచు గాళ్లు తిప్పి చూసి, భూతద్దం కింద ఆ 9 అంకె మొదలు చుట్టూ లోహం తెగిందేమో పరిశీలించాలి.